అంటురోగాల పద్దు లేని అభివృద్ధి

జలుబు, దగ్గు, జ్వరం, తట్టు, విరేచనాలు - వీటిని రోగాలుగా కూడా లెక్కించని ఇళ్లు దేశంలో అనేకం. నాలుగు రోజులు మంచం పట్టి, కషాయమో మాత్రో మింగి, మళ్లీ పనిలోకి దిగేవారే ఎక్కువ. అయితే ఇవే సాధారణ రోగాలు సముద్రం దాటి ఒక చిన్న ద్వీపంలో అడుగుపెడితే ఒక తెగ ఉనికినే ప్రశ్నార్థకం చేయగలవు. 1858లో బ్రిటిష్ ప్రభుత్వం అండమాన్‌లో ఖైదీల స్థావరాన్ని నెలకొల్పిన నాటి నుంచి ఆ దీవుల చరిత్ర ఈ సత్యాన్ని పదే పదే చాటుతున్నది. వేల కోట్ల రూపాయల వ్యయంతో రేవులు, విమానాశ్రయాలు, పట్టణాలు తలపెట్టిన ప్రస్తుత తరుణంలో ఆ చరిత్రను అభివృద్ధి పద్దులోకి ఎక్కించడం ఎంతైనా అవసరం.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3,80,581. వీరిలో అత్యధికులు బెంగాల్, తమిళనాడు, ఆంధ్ర, కేరళ, జార్ఖండ్ ప్రాంతాల నుంచి వెళ్లి స్థిరపడినవారు, వారి సంతతివారు. నూటికి సుమారు 13 మందికి మాతృభాష తెలుగు. విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతాల నుంచి బయలుదేరే ఓడలే తరతరాలుగా వారిని తీసుకువెళ్లాయి. అదే జనాభా లెక్కల్లో ఆదిమ తెగల సంఖ్య చూస్తే మనసు కలుక్కుమనక మానదు. జారవాలు 380, షోంపెన్లు 229, ఓంగీలు 101, గ్రేట్ అండమానీలు 44. తమ దరికి ఎవరినీ రానివ్వని సెంటినలీల సంఖ్య దూరం నుంచి చూసి 15గా నమోదు చేశారు.

చిన్న జనాభా, పెద్ద ముప్పు

అందరికీ వచ్చే రోగం కొందరికే ఎందుకు ప్రాణాంతకమవుతున్నది? ఆ తెగల వారి దేహం దుర్బలమని, నాగరికత తాకిడికి నశించడం వారి నుదుటి రాత అని వలస పాలకులు భావించారు. ఆ భావన ఇప్పటికీ కొందరి మాటల్లో వినిపిస్తుంటుంది. వైద్యశాస్త్రం చెప్పేది వేరు. తట్టు వైరస్ ఒకసారి సోకి తగ్గిన మనిషికి సాధారణంగా జీవితకాలం మళ్లీ సోకదు. అందువల్ల ఆ వైరస్ ఒకచోట నిలిచి ఉండాలంటే రోగం ఎరుగని కొత్త శిశువులు ఎడతెగకుండా పుడుతూ ఉండాలి. అందుకు కనీసం రెండున్నర లక్షల నుంచి ఐదు లక్షల జనాభా కావాలని నిపుణుల అంచనా. కొన్ని వందల మంది ఉన్న తెగలో తట్టు నిలవదు. బయటి నుంచి వచ్చినప్పుడల్లా కొత్తగా వస్తుంది. వచ్చినప్పుడు పసిబిడ్డ మొదలు పండు ముసలి వరకు అందరినీ ఒకేసారి పడగొడుతుంది.

ఇది ఆదిమ తెగలకే పరిమితమైన విషయం కాదు. ఐరోపాలోని ఫారో దీవులకు 1846లో తట్టు వచ్చినప్పుడు సుమారు 7,800 మంది జనాభాలో 6,000 మందికి పైగా జబ్బుపడ్డారు. వారంతా ఐరోపా జాతివారే. 1781లో అక్కడ తట్టు వచ్చినప్పుడు సోకి బ్రతికిన వృద్ధులకు మాత్రం 65 సంవత్సరాల తరువాత కూడా అది అంటలేదని పానుమ్ అనే డేనిష్ వైద్యుడు నమోదు చేశారు. 1875లో ఫిజీ దీవుల్లో అదే తట్టు సుమారు 40,000 మందిని బలిగొన్నది. తేడా రక్తంలో లేదు. ఆ రోగంతో పూర్వ పరిచయం ఉన్నదా లేదా అన్నదానిలో ఉన్నది.

పైగా ఊరంతా ఒక్కసారిగా మంచం పడితే నీళ్లు తెచ్చేవారు, ఆహారం సేకరించేవారు, పసివారికి పాలిచ్చేవారు కరవవుతారు. తట్టు వైరస్ శరీరంలోని నిరోధక శక్తిని కొంతకాలం కుంగదీస్తుంది. ఆ అదను చూసి బాక్టీరియా ఊపిరితిత్తులలో ప్రవేశించి న్యుమోనియా కలుగజేస్తుంది. తట్టులో ప్రాణాలు తీసేది చాలా సందర్భాలలో ఈ రెండవ శత్రువే.

ఒకే వైరస్, రెండు ఫలితాలు

అండమాన్‌లో ఖైదీల స్థావరం ఏర్పడేనాటికి గ్రేట్ అండమానీల సంఖ్య సుమారు 5,000 ఉంటుందని అంచనా. వారిని మచ్చిక చేసుకునేందుకు ప్రభుత్వం ‘అండమాన్ హోమ్’ల పేరిట శిబిరాలు నెలకొల్పింది. బయటివారితో ఆ కలయిక ఫలితంగా సిఫిలిస్ వ్యాపించింది. 1877లో తట్టు వచ్చి పడింది. ఆ తెగల వ్యవహారాలు చూసిన అధికారి ఎం.వి.పోర్ట్‌మన్ 1899లో ప్రచురించిన గ్రంథంలో, ఆ ఒక్క తాకిడికే దక్షిణ అండమాన్ ఆదిమవాసులలో సగం మందికి తక్కువ గాకుండా మరణించారని అంచనా వేశారు. 1901 జనాభా లెక్కలనాటికి గ్రేట్ అండమానీలు 625 మంది మిగిలారు. 1961 నాటికి ఆ సంఖ్య 19. ఇది యుద్ధం వల్ల జరిగిన నాశనం కాదు. సంరక్షణ లేని సంపర్కం వల్ల జరిగినది.

ఈ కథకు మరో అధ్యాయం కూడా ఉన్నది. శతాబ్దకాలం పైగా బయటివారిని అడవిలోకి అడుగుపెట్టనివ్వని జారవాలు 1997 చివరి నుంచి తమంత తాముగా ఊళ్లలోకి రావడం మొదలుపెట్టారు. రెండేళ్లు తిరగకుండానే 1999లో తట్టు, దాని వెంట న్యుమోనియా వారిని చుట్టుముట్టాయి. వైరస్ 1877 నాటిదే. ఫలితం మాత్రం వేరు. కదమ్‌తలా, పోర్ట్‌బ్లెయిర్ ఆస్పత్రులలో వారికి పడకలు కేటాయించారు. వైద్యులు తెగ వద్దకు వెళ్లారు. తట్టు వైరస్‌పై పనిచేయని యాంటీబయాటిక్‌లు న్యుమోనియాను అదుపు చేశాయి. జారవాల సంఖ్య 2001లో 240, 2011లో 380. ఆనాడు వారి మధ్య పనిచేసిన డాక్టర్ రతన్ చంద్ర కర్‌ను కేంద్ర ప్రభుత్వం 2023లో పద్మశ్రీతో సత్కరించింది.

2020 ఆగస్టులో గ్రేట్ అండమానీలలో పది మందికి కరోనా సోకినట్లు తేలింది. పట్టుమని అరవై మంది లేని తెగకు అది చిన్న ముప్పు కాదు. పరీక్షలు, చికిత్స సకాలంలో జరిగి వారు కోలుకున్నారు. నశించడం వారి నుదుటి రాత అన్న వాదనకు ఇంతకు మించిన సమాధానం అక్కరలేదు.

మరచిపోయిన జ్వరం

ముప్పు ఆదిమ తెగలకు మాత్రమే అనుకుంటే పొరపాటు. 1988లో ఉత్తర అండమాన్‌లోని దిగ్లిపూర్ ప్రాంతంలో వింత జ్వరం విజృంభించింది. తీవ్రమైన జ్వరం, ఒళ్లు నొప్పులు, దగ్గితే రక్తం. పొలం పనులు చేసుకునేవారు రోజుల వ్యవధిలో ప్రాణాలు విడిచారు. కారణం తెలియక దానికి ‘అండమాన్ రక్తస్రావ జ్వరం’ అని పేరు పెట్టారు. అది లెప్టోస్పైరోసిస్ అని 1993లో పోర్ట్‌బ్లెయిర్‌లోని ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు తేల్చారు. భారత వైద్య పరిశోధన మండలి 1983లో నెలకొల్పిన సంస్థ అది.

ఇది బాక్టీరియా వల్ల కలిగే రోగం. ఎలుకలు, పశువుల మూత్రంతో బయటకు వచ్చిన సూక్ష్మజీవి నిలవనీటిలో, తడి మట్టిలో బ్రతికి ఉండి, కాళ్లకు చేతులకు ఉన్న చిన్న గాయాల గుండా ఒంట్లోకి చొరబడుతుంది. వరి మడిలో దిగే ప్రతి రైతు, ప్రతి కూలీ దాని దారిలో ఉన్నట్లే. తొలి దశలో గుర్తిస్తే పెన్సిలిన్, డాక్సీసైక్లిన్ వంటి చౌక మందులతో నయమవుతుంది. ఆలస్యమైతే కాలేయం, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

ఇందులో విచారించదగిన విషయం మరొకటి ఉన్నది. అండమాన్‌లో లెప్టోస్పైరోసిస్ ఉన్నదని టేలర్, గోయిల్ అనే వైద్యులు 1931లోనే ఒక సమగ్ర నివేదికలో రాసి ఉంచారు. అరవై ఏళ్లు తిరిగేసరికి ఆ నివేదిక అటకెక్కింది; తెలిసిన రోగం తెలియని రోగమైంది. నిర్ధారణకు పట్టిన ఐదు సంవత్సరాలు సామాన్యుడి ప్రాణాలతో చెల్లించిన మూల్యం. తదనంతరం ఆ పరిశోధన కేంద్రం లెప్టోస్పైరోసిస్‌పై ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకార కేంద్రంగా గుర్తింపు పొందడం ముదావహం. అయితే ప్రయోగశాల పోర్ట్‌బ్లెయిర్‌లో ఉండి రోగి దిగ్లిపూర్‌లో ఉంటే ఆ గుర్తింపు వల్ల అతనికి ఒరిగేది స్వల్పం.

బాక్టీరియాకు, వైరస్‌కు తేడా తెలియకుండా ప్రతి జ్వరానికీ యాంటీబయాటిక్ మింగే అలవాటు వల్ల ఆ చౌక మందులు కూడా చేజారే ప్రమాదం ఉన్నది. రక్త విరేచనాలు కలిగించే షిజెల్లా బాక్టీరియా అనేక మందులకు లొంగడం మానిందని దీవులలో జరిగిన పరిశోధనలు వెల్లడించాయి. దూర ద్వీపంలో మందు పనిచేయకపోతే మరో ఆస్పత్రికి వెళ్లాలంటే సముద్రం దాటాలి.

రహదారి వెంట రోగం

రోగం రెక్కలు కట్టుకుని రాదు. మనుషులు తిరిగే దారిలోనే వస్తుంది. 2005 చివర ఆంధ్రప్రదేశ్‌లో తలెత్తిన చికున్‌గున్యా దేశమంతటా వ్యాపించి, 2006లో అండమాన్ దీవులనూ కుదిపివేసింది. అండమాన్ ట్రంక్ రోడ్డు జారవాల అడవిని చీల్చుకుంటూ సాగుతుంది. ఆ అడవిలోని భాగాన్ని మూసివేయాలని సుప్రీంకోర్టు 2002 మేలో ఆదేశించింది. అయినా వాహనాల రాకపోకలు ఆగలేదు. 2017లో బారాటాంగ్‌కు సముద్ర మార్గం తెరిచినా అడవి దారి మూతపడలేదు. ఉత్తర, మధ్య అండమాన్ వాసులకు ఆ రోడ్డే జీవనాధారమన్న వాదనను తోసిపుచ్చలేము. దిగ్లిపూర్ రోగిని పోర్ట్‌బ్లెయిర్‌కు చేర్చేది కూడా అదే. అయితే వైద్యం కోసం పోయే రోగి, వినోదం కోసం పోయే పర్యాటకుడు ఒకటి కారు. తొలివారికి దారి ఇస్తూనే రెండవవారిని సముద్ర మార్గానికి మళ్లించడం అసాధ్యమేమీ కాదు.

గ్రేట్ నికోబార్ లెక్క

ఇప్పుడు దృష్టి అంతా దక్షిణాన ఉన్న గ్రేట్ నికోబార్‌పై ఉన్నది. గలతియా అఖాతం వద్ద సరుకుల ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, పట్టణం నిర్మించే పథకానికి 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించింది. వ్యయం తొలి అంచనా ప్రకారమే 72,000 కోట్ల రూపాయలు. ప్రస్తుతం సుమారు 8,000 మంది ఉన్న ద్వీపంలో మూడు దశాబ్దాలలో మూడున్నర లక్షల మంది నివసిస్తారని ప్రణాళిక చెబుతున్నది. మలక్కా జలసంధికి సమీపంలో ఉన్న ఆ ద్వీపానికి రక్షణ రీత్యా, వాణిజ్య రీత్యా ఉన్న ప్రాముఖ్యాన్ని ఎవరూ కాదనరు. ఏ తెగనూ నిర్వాసితం చేయబోమని ప్రభుత్వం హామీ ఇస్తున్నది. అయితే రోగానికి నిర్వాసిత చట్టం వర్తించదు. మనిషిని కదపకుండానే అతని దరికి చేరగలదు.

మూడున్నర లక్షల జనాభా అంటే తట్టు వైరస్ బయటి సహాయం లేకుండా నిలదొక్కుకోగల స్థాయి. ఇంతవరకు ఓడలో వచ్చి పోయే రోగాలు అక్కడే కాపురం పెట్టగలవు. పక్కనే అడవిలో 229 మంది షోంపెన్లు. ఈ ముప్పును ఎత్తిచూపుతూ 13 దేశాలకు చెందిన 39 మంది నిపుణులు 2024 ఫిబ్రవరిలో రాష్ట్రపతికి లేఖ రాశారు. వారి మాటల తీవ్రతతో విభేదించేవారు ఉండవచ్చు గాని, 1877, 1999 సంవత్సరాల అనుభవాలతో విభేదించడం ఎవరి తరమూ కాదు.

ఆదిమవాసులను ప్రదర్శనశాలలో బొమ్మల వలె ఉంచాలా, వారికి చదువు, వైద్యం అక్కరలేదా అని ప్రశ్నించేవారున్నారు. ప్రశ్న సమంజసమే. సమాధానం కూడా 1999లోనే ఉన్నది. రోడ్డు ముందు వెళ్లి వైద్యుడు వెనుక పరుగెత్తితే ఏమి జరుగుతుందో, వైద్యుడు సకాలంలో చేరితే ఏమి జరుగుతుందో జారవాల అనుభవం రెండూ చూపింది. ఎంత కలవాలో, ఎప్పుడు కలవాలో నిర్ణయించుకునే హక్కు ఆ తెగలదే. ఆ నిర్ణయం ప్రాణాంతకం కాకుండా చూసే బాధ్యత ప్రభుత్వానిది.

చేయవలసిన పనులు కొత్తవి కావు. అడవి అంచున పనిచేసే ప్రతి కూలీకి, ఇంజనీరుకు, పోలీసుకు తట్టు టీకా రికార్డు తప్పనిసరి చేయాలి. టీకా వేయవలసినది ముందుగా అడవిలోని వారికి కాదు, అడవి దరికి పోయే వారికి. జ్వరం, దగ్గు ఉన్నవారిని కూలి కోత లేకుండా పని నుంచి నిలిపివేయాలి. కూలి పోతుందంటే ఏ కూలీ జ్వరాన్ని బయటపెట్టడు. దిగ్లిపూర్, క్యాంప్‌బెల్ బే వంటి చోట్ల రక్తపరీక్షల ప్రయోగశాలలు నెలకొల్పాలి. ఓడరేవు పథకంలో కాంక్రీటుకు, ఇనుముకు ఉన్నట్లే అంటురోగ నివారణకు ప్రత్యేక పద్దు ఉండాలి. ఆ పద్దు కింద ఏటా జరిగిన పనిని పార్లమెంటు ముందుంచాలి.

వేల కోట్ల పథకంలో ఈ ఖర్చు ఏ మూలకు? లెక్కలో లేని ఖర్చు లేకుండా పోదు. ఎవరో ఒకరు చెల్లిస్తారు. అండమాన్‌లో ఇంతవరకు దానిని చెల్లించినవారు అడవిలోని ఆదిమవాసి, వరి మడిలోని కూలీ. రేవులో తొలి ఓడ లంగరు వేయకముందే ఆ భారాన్ని పథకం తన మీద వేసుకోవాలి.