వంటింటి ముచ్చట్లు: మారేడు కొమ్ముల జాడీ

జాడీ మూత తీయగానే పిల్లలు "నల్లుల కంపు!" అంటూ ముక్కు మూసుకొని పారిపోయే వూరగాయ మనలో చాలామంది యిళ్ళలో వుంటుంది. అదే మారేడు కొమ్ములు. కన్నడ సీమలో మాకాళి బేరు, అరవనాట మాగాళి కిళంగు అంటారు. శివపూజ మారేడుకూ దీనికీ చుట్టరికం లేదు.

ఇది ఎండుకొండల మొక్క. శేషాచలం, నల్లమల వంటి చోట్ల బండల సందుల్లో వేళ్ళు దించుకొని, పక్క పొదల నల్లుకొని పాకుతుంది. తుంచితే పాలు కారుతవి. గింజకు పట్టుకుచ్చు వుండి, గాలికి ఎగిరిపోతుంది. దక్షిణ భారతంలో తప్ప మరెక్కడా సహజంగా పుట్టదు. 1834లో వైట్, ఆర్నాట్ అనే వృక్షశాస్త్రజ్ఞులు దీనికి డెకాలెపిస్ హామిల్టోనై అని పేరు పెట్టారు. పరిమళమంతా వేళ్ళలోనే. వెనిల్లాకు వాసన నిచ్చే వెనిలిన్‌లోనూ, దీని వాసన ద్రవ్యంలోనూ పరమాణువులు అవే, అమరిక మాత్రం వేరు. సన్నవేళ్ళ సుగంధిపాలలో కూడ ఈ ద్రవ్యమే వున్నది. అందుకే నన్నారి షర్బత్తుకు రెండూ వాడతారు.

వూరగాయ పెట్టే తీరు తెలిసినదే. వేళ్ళు నానవేసి మట్టి కడిగి, తోలు గీకి, నడిమి పుల్ల తీసివేసి, ముక్కలు తరిగి ఉప్పునీట వేయాలి. తరువాత పుల్లమజ్జిగ, పసుపు, కారం, ఆవపిండి కలపాలి. ఎంతకాలమున్నా చెడదు.

చెడుతున్నది కొండమీద, అమ్మా! ఆకో కాయో కోస్తే మొక్క బ్రతుకుతుంది. వేరంతా తవ్వితే ఏం మిగులుతుంది? వూరగాయకూ షర్బత్తుకూ గిరాకీ పెరిగి, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం వారి ఎర్ర జాబితాలో ఇది ఆపదలో వున్న జాతులలో చేరింది. తవ్వి తెచ్చే ఏనాదులనూ చెంచులనూ తప్పు పట్టి లాభం లేదు. వారికది కూలి, మనకది రుచి.

మనం చేయగలిగింది లేకపోలేదు. పెద్ద జాడీకి బదులు చిన్న జాడీ పెట్టుకొందాం. పెన్సిలంత లేతవేళ్ళు కొనకుందాం. అవి ఇంకా గింజ వేయని తీగలవి కావచ్చు. మైసూరు కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థవారు కణజాలంనుంచి ఈ మొక్కలు పెంచే పద్ధతి సాధించారు. మొక్క దొరికితే పెరటి కంచె ప్రక్కన నాటుకొందాం.

మన మనుమల పిల్లలు కూడ ముక్కు మూసుకొని పారిపోవాలి గదా! అందుకైనా ఆ తీగ కొండమీద వుండాలి.