కొమెరే అంటే తింటాను

ఇక్కడి స్కూళ్లలో మన పిల్లలు చాలామంది స్పానిష్ తీసుకుంటారు. భవిష్యత్ కాలం పాఠం వచ్చినప్పుడు ఇంగ్లీషులోంచి కాకుండా తెలుగులోంచి చెప్పి చూడండి.

ఇంగ్లీషులో ‘విల్’ విడిగా వస్తుంది. మనకీ స్పానిష్‌కీ పనంతా క్రియ చివరే. కొమేర్ అంటే తినడం. కొమెరే: తింటాను. కొమెరాస్: తింటావు. కొమెరా: తింటాడు, తింటుంది, రెండూ. కొమెరేమోస్: తింటాం. కొమెరాన్: తింటారు. నేను, నువ్వు అని విడిగా చెప్పకపోయినా ఎవరో తెలిసిపోతుంది. కొన్ని క్రియల్లో మొదలు మారుతుంది, తెనేర్ ‘తెంద్రే’ అవుతుంది. చివరలు మాత్రం అవే.

‘నాన్న ఈపాటికి ఇంట్లో ఉంటారు’ అని మనం ఊహించి అంటాం కదా, వాళ్లూ అంతే: ‘ఎస్తరా ఎన్ కాసా’.

ఒక్కచోట జాగ్రత్త. ‘రోజూ పెరుగన్నం తింటాను’ అన్నది అలవాటు. అక్కడ స్పానిష్‌లో వర్తమాన కాలం, ‘కోమో’ అనాలి.

‘తెలుగు ఎక్కడ పనికొస్తుందమ్మా?’ అని అడిగే మా అమ్మాయి ఇప్పుడు స్పానిష్ నోట్సులో క్రియల పట్టిక పక్కన ఇంకో గడి గీసుకుంది, తెలుగుకి. ఆ ప్రశ్నకి నేనిచ్చిన ఏ జవాబూ అంత బాగా పని చేయలేదు.