చిమ్నీ చివర ఇంకో ట్యాంకు వద్దు

బొగ్గు బాయిలర్ల మాటెత్తితే చాలు, ఈమధ్య ఒకటే జవాబు వస్తోంది. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి మిథనాల్ చేసే టెక్నాలజీ వచ్చేస్తోంది, కాస్త ఓపిక పట్టండి అని. సెమినార్లలో అదే మాట, మేనేజర్ల నోటా అదే, కెమిస్ట్రీ చదివిన మన పిల్లలదీ అదే. ఆ ఆశకు కొత్తగా దొరికిన పేరు పోరస్ లిక్విడ్లు, అంటే లోపలి ఖాళీల్లో గ్యాస్‌ను పట్టుకునే ద్రవాలు. ఈ నమ్మకం తప్పు. మందుల కంపెనీలున్న మన కాజీపల్లికి దీనివల్ల చేటు కూడా.

తప్పు ఆ ద్రవానిది కాదు. మామూలు ద్రవంలో అణువుల మధ్య ఖాళీలు పుడుతూ పూడుతూ ఉంటాయి. పూడని ఖాళీలున్న ద్రవం సాధ్యమేనని బెల్‌ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీలో స్టువర్ట్ జేమ్స్ బృందం 2007లో ప్రతిపాదించింది. 2015లో మరికొందరు శాస్త్రవేత్తలతో కలిసి చేసి చూపించింది. బోనులాంటి అణువులను, ఆ బోనులో దూరలేనంత పెద్ద అణువులున్న ద్రావకంలో కరిగించారు. బోను ఖాళీగా మిగిలిపోతుంది, గ్యాస్ వెళ్లి అందులో చేరుతుంది. ఉత్త ద్రావకంలో కన్నా మీథేన్ ఎనిమిది రెట్లు ఎక్కువ కరిగింది. ఎంత చక్కటి ఆలోచన!

మరి మన చిమ్నీ దగ్గర? గోలీ సోడాను తలుచుకోండి. సీసాలో గ్యాస్ నిలిచేది ఒత్తిడి వల్ల. గోలీ నొక్కగానే బుస్సుమని లేచిపోతుంది. ఈ ద్రవాల్లో చాలావాటి పద్ధతీ అంతే, ఒత్తిడి పెంచితే పట్టుకుంటాయి, తగ్గిస్తే వదిలేస్తాయి. అమీన్ ద్రావణాల్లా వేడి చేసి గ్యాస్‌ను విడిపించే బాధ తక్కువన్నదే వాటి గొప్ప. కానీ బాయిలర్ పొగకు ఒత్తిడే లేదు. అందులో కార్బన్ డయాక్సైడ్ నూటికి పది, పదిహేను పాళ్లకు మించదు, మిగతాది ఎక్కువగా నైట్రోజన్. ఆ పది పాళ్ల కోసం మొత్తం పొగను కంప్రెసర్‌తో నొక్కాలి. అంతకన్నా ముందు బూడిద, తేమ, గంధకం వదిలించాలి.

పట్టుకున్నారే అనుకుందాం. టన్ను మిథనాల్‌కు సుమారు 1.4 టన్నుల కార్బన్ డయాక్సైడ్, 190 కిలోల హైడ్రోజన్ కావాలి. నీళ్లను కరెంటుతో విడగొట్టి అంత హైడ్రోజన్ తీయాలంటే దాదాపు 10 వేల యూనిట్లు ఖర్చు. మన దేశంలో గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. అంటే 1.4 టన్నులను వాడుకోవడానికి ఎక్కడో ఇంకో 7 టన్నులు గాల్లో కలపాలి. ఎండ నుంచో గాలి నుంచో కరెంటు వస్తే లెక్క మారుతుంది, నిజమే. కానీ ఆ కరెంటే ఉంటే దానితో నేరుగా స్టీమ్ తీయొచ్చు, బొగ్గు దించే పనే ఉండదు. పైగా ఆ మిథనాల్ మళ్లీ సాల్వెంట్‌గానో ఇంధనంగానో డ్రమ్ముల్లో మన కంపెనీలకే వస్తుంది. కాలిన రోజున ఆ కార్బన్ మళ్లీ గాల్లోకే.

చివర్లో ఒక ట్యాంకు పెట్టి దాన్ని నమ్ముకోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చాక అంతా బాగైపోతుందన్నారు. అప్పట్లో దాదాపు 90 మందుల కంపెనీల నీళ్లు చేరిన ఆ కేంద్రం శుద్ధిచేసి వదిలిన నీళ్లలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం బయటపెట్టింది. ఈ పరిశ్రమల మురుగు చేరిన నక్కవాగు పక్క ఊళ్ల గోడు 1990లోనే సుప్రీంకోర్టుకెక్కింది. అక్కడి నుంచి హైకోర్టుకు, ఆపైన హరిత ట్రిబ్యునల్‌కు తిరిగింది. తర్వాత మురుగు చుక్క కూడా బయటికి పోకూడదని నియమం వచ్చింది. మంచిదే. కానీ ఆ నీళ్లను ఇగిర్చేది స్టీమ్‌తోనే. బొగ్గు బాయిలరున్న చోట వాగులో పారాల్సిన మురికి కొంత పొగ రూపమెత్తింది. ఇప్పుడు ఆ పొగను ఇంకో ద్రవంలోకి మారుస్తామంటున్నారు.

ఆ ద్రవమూ ఆకాశం నుంచి ఊడిపడదు. 2015లో చేసి చూపిన రెండు రకాల్లో రెండోదానికి వాడిన ద్రావకం హెక్సాక్లోరోప్రొపీన్, విషపూరితమైన క్లోరిన్ సమ్మేళనం. తర్వాత అంత ప్రమాదం లేనివీ వచ్చాయి. అయినా బోను అణువులను కట్టడమంటే రియాక్టర్లు, సాల్వెంట్లు, దశలు, కడిగిన నీళ్లు. కాజీపల్లి రోజూ చేసే పనే అది, దాని వాసన ఎట్లా ఉంటుందో రాత్రి పూట కిటికీ మూసుకునే ఇంటి వాళ్లకు తెలుసు.

పరిశోధన ఆపమనను. బయోగ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ నూటికి 30, 40 పాళ్లు ఉంటుంది, దాన్ని ఎలాగూ నొక్కి సిలిండర్లలో నింపాలి. ఈ ద్రవాలను ముందు అక్కడ పరీక్షించండి. మందుల కంపెనీలో మొదట తగ్గాల్సింది స్టీమ్ అవసరం. సాల్వెంట్‌ను తిరిగి పట్టుకోవాలి, వృథా వేడిని మళ్లీ వాడాలి, ఇగిర్చే నీళ్లే తగ్గేలా ప్రాసెస్ మార్చాలి.

రేపు ఏ విస్తరణకో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టి, పొగను పట్టే యూనిట్ పెడతాం కాబట్టి బాయిలర్ పెంచుకుంటామంటే, మైకు నా చేతికొస్తే మూడే అడుగుతాను. రోజుకు ఎన్ని టన్నుల బొగ్గు తగ్గుతుంది? ఆ కంప్రెసర్‌కు కరెంటు ఎక్కడిది? పాడైన ద్రవం డ్రమ్ములు ఏ లారీలో, ఎటు పోతాయి?