ఆ గరగర ఉండనీ!

మొన్న ఆదివారం మా మేనల్లుడు నన్ను ఆబిడ్స్‌కి లాక్కుపోయాడు. ఆదివారం అక్కడ దుకాణాలు మూసి ఉంటాయి గనుక, వాటి ముందర పాత పుస్తకాలు పరుస్తారని మీకు తెలుసు. నేను పుస్తకాల మీదికి వంగాను. వాడు పాత క్యాసెట్ల అట్టపెట్టె ముందు చతికిలబడ్డాడు.

"ఈ రోజుల్లో క్యాసెట్లెవరు వింటార్రా?" అన్నాను.

"మేం వింటాం మామయ్యా! మా సంగీతానికి క్యాసెట్టే అందం" అన్నాడు.

వాడి సంగీతం సంగతి మీకు చెప్పాలి. వాడు చదువుకని మా నాంపల్లి ఇంటికి వచ్చిన మొదటి వారం, అర్ధరాత్రి మా ఆవిడ నన్ను తట్టి లేపి, "ఏమండీ, నీళ్ళ మోటారు కాలిపోతున్నట్టుంది" అంది. టార్చిలైటు పుచ్చుకుని పరుగెత్తాను. మోటారు నిక్షేపంగా నిద్రపోతోంది. మోత వస్తున్నది మావాడి గదిలోంచి!

మర్నాడు నిలదీస్తే చెప్పాడు. దాన్ని బ్లాక్ మెటల్ అంటారుట. ఆ పేరు 1982లో వెనమ్ అనే ఇంగ్లీషు బృందం వేసిన రికార్డుది. 1990 తరవాత నార్వే కుర్రాళ్ళు దాన్ని తమ సొంతం చేసుకున్నారు. తేనెతుట్టె కదిపినట్టు గిటార్లు, ఊపిరాడనివ్వని డ్రమ్ములు, వెనక ఎక్కడో గొంతు చించుకునే కేక. డార్క్‌థ్రోన్ అనే బృందం 1994 నాటి తమ రికార్డు సంగీతాన్ని పెద్ద స్టూడియోలో కాక ఇంట్లోనే నాలుగు ట్రాకుల టేపు యంత్రం మీద పట్టారుట. ఉల్వెర్ అనే మరో బృందం 1995లో, కొండ భూతాల పాలబడ్డ ఆడపిల్ల కథను పాటలు కట్టి, ఆ మోత నడుమ వేణువు కూడా పెట్టారుట.

"వీళ్ళేగా చర్చిలు తగలబెట్టింది?" అన్నాను. నేనూ పేపరు చదివేవాణ్ణే గదా!

వాడు తల దించుకున్నాడు. "అవును మామయ్యా. 1992లో బెర్గెన్ దగ్గర కొయ్యతో కట్టిన పాత చర్చి తగలబడింది. వాళ్ళల్లో కొందరు హత్యలు చేసి జైలుకీ వెళ్ళారు. అది నేను సమర్థించను. ఎవరి పాటో తెలుసుకునే వింటాను. కొందరివి మానేశాను" అన్నాడు. ఆ జవాబు నాకు నచ్చింది. మోత మాత్రం నచ్చలేదు.

ఇల్లా ఉండగా మా అమ్మ ఆబ్దికం దగ్గరపడింది. అమ్మ పాట 1981లో నేను పట్టిన టేపు ఒకటుంది. తిరగలి విసురుతూ పాడిన పాట. తిరగలి హోరులో గొంతు సగం మునిగిపోయి ఉంటుంది. నలుగురూ వచ్చేనాటికి దాన్ని కంప్యూటర్లో పెట్టి శుభ్రం చెయ్యమన్నాను.

"ఆ గరగర ఉండనీ మామయ్యా" అన్నాడు వాడు.

"నీ బ్లాక్ మెటలు కాదురా ఇది, మీ అమ్మమ్మ పాట!" అని కసిరాను. చేసి ఇచ్చాడు పాపం.

ఆబ్దికం నాడు భోజనాలయ్యాక వినిపించాను. గొంతు గాజులా తేటపడింది. కాని రెండు మాటలు పాడి ఆగుతుంది, మళ్ళీ పాడుతుంది, మళ్ళీ ఆగుతుంది. చరణం మరిచిపోయిన మనిషిలా ఉంది. వాడి తల్లి, అంటే నా చెల్లెలు, రెండు నిమిషాలు విని, "ఇది అమ్మ కాదన్నయ్యా" అని లేచిపోయింది. నాకు చెప్పరానంత కష్టం వేసింది.

మావాడు మాట్లాడకుండా అసలు టేపు పెట్టాడు. తిరగలి గుర్రుమంది. దాని మీద అమ్మ గొంతు తేలింది. ఆగింది. చెల్లెలు గుమ్మంలోనే నిలబడిపోయి, "అదిగో, పిడికెడు గింజలు పోసేదాకా ఆగేది. ఆ పోసేది నేనేగా!" అంది. అమ్మ మరిచిపోలేదండీ, చెల్లెలి చిన్న చెయ్యి కోసం ఆగింది. తిరగలిని తుడిచేసి నేను ఆ చెయ్యిని కూడా తుడిచేశాను. అమ్మమ్మను ఎన్నడూ చూడని మావాడు, ఆ హోరులో ఆవిడ ఉందని నాకంటె ముందే కనిపెట్టాడు.

అప్పటినుంచి ఆలోచిస్తున్నాను. నార్వేలో హార్డాంగర్ ఫిడేలు ఉంది. వాయించే తీగల కింద వాటంతట అవే మోగే తీగలుంటాయి. 19వ శతాబ్దంలో అక్కడి భక్తులు అది సైతాను వాద్యమని కొన్నిటిని తగలబెట్టారు. మనం మాత్రం ఏం తక్కువ తిన్నాం? గడ్డిమంటకు కాచి బిగువు తెచ్చే డప్పును, వాయించే మనిషితో సహా గుమ్మం అవతలే నిలబెట్టాం. వెదురుకు సొరబుర్రలు కట్టిన కిన్నెరను వాయించే దర్శనం మొగులయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చేదాకా ఆ పేరే మనలో చాలామంది ఎరగరు. చెవికి గరుకు తగిలితే అది పాట కాదనుకోవడం మనకు అలవాటు.

నేను మారిపోయానని అనుకోకండి. మావాడి రికార్డు పది నిమిషాలు దాటితే ఇప్పటికీ తలనొప్పే. కాని ఆ పది నిమిషాలూ కూర్చుంటున్నాను. ఆ హోరు వెనక గాలి కొట్టే అడవో, మంచు పడే కొండో లీలగా కనపడుతుంది.

ఆ ఆదివారం వాడు ఇరవై రూపాయలిచ్చి పేరు చెరిగిపోయిన క్యాసెట్టొకటి కొన్నాడు. రాత్రి దాన్ని పెట్టాడు. ఎవరిదో పెళ్ళిసందడి! బాజాలు, పిల్లల ఏడుపులు, ఎవరో ఎవర్నో భోజనానికి కేకేయడం.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి కూర్చుని, "కాస్త పెంచరా" అంది.