గంటే కదా, రాలేవా?

"సింగపూర్ నుంచి కౌలాలంపూర్ గంటే కదే! అక్కని చూసి రావడానికి నీకేం అడ్డం?" అంది అమ్మ మొన్న ఫోన్లో. విజయవాడ నుంచి హైదరాబాద్‌కి బస్సులో వెళ్ళొచ్చే మనిషికి గంటంటే పక్కవీధిలా అనిపించడంలో తప్పులేదు. అయినా ఆ మాట గుచ్చుకుంది. అక్క కూడా మనసులో అదే అనుకుంటోందని నాకు తెలుసు మరి.

సరే, లెక్క చూద్దాం. రెండు ఊళ్ళ మధ్య ఆకాశమార్గాన సుమారు 300 కిలోమీటర్లు. విమానం గాల్లో ఉండేది ముప్పావుగంటో, ఇంకాస్తో. టికెట్ మీద గంట, గంటంపావు వేస్తారు. రెండు చోట్లా గడియారం ఒకటే కాబట్టి అందులో మెలికేం లేదు. మెలికంతా నేల మీదే!

మా ఇంటి నుంచి చాంగి ఎయిర్‌పోర్టుకి 40 నిమిషాలు. రెండు గంటల ముందే అక్కడ ఉండాలి. దిగాక ఇమ్మిగ్రేషన్, సామాను, పిల్లాడి బాత్రూమ్ కలిపి ఇంకో గంట. అక్కడి ఎయిర్‌పోర్టేమో ఊళ్ళో లేదు, 50 కిలోమీటర్ల అవతల సెపాంగ్‌లో ఉంది. రైలెక్కితే అరగంటలో ఊళ్ళోకి చేరతాం, ఆపైన అక్క వాళ్ళింటికి టాక్సీ. మొత్తం ఆరు గంటలు!

పోనీ బస్సంటే 350 కిలోమీటర్లు, ఐదారు గంటలు. సరిహద్దు దగ్గర సింగపూర్ వైపు ఒకసారి, మలేషియా వైపు ఒకసారి దిగి పాస్‌పోర్టులు చూపించాలి. శుక్రవారం సాయంత్రమో, స్కూలు సెలవులో అయితే ఆ కిలోమీటరు కాజ్‌వే దాటడానికే గంటలు పట్టొచ్చు. గంటన్నరలో చేర్చే బుల్లెట్ రైలు వేస్తారని ఆశపడ్డాం. 2021 మొదట్లో ఆ ఒప్పందం కాస్తా రద్దయింది.

ఇక ముందురోజు పనుల్ని ఎవరూ లెక్కలో వెయ్యరు. బట్టలు సర్దడం, పిల్లాడి మందులు, అత్తయ్యగారికి రెండు రోజుల వంట, ఫ్రిజ్ ఖాళీ చెయ్యడం, అక్కకి గోంగూర పచ్చడి కారకుండా కట్టడం. "గంట ప్రయాణానికి ఇంత హడావిడేంటి?" అంటారు మా వారు. ఆ గంట ఆయనది. మిగతావన్నీ నావి.

అందుకే నా అభిప్రాయం ఒకటే. దూరాన్ని విమానం ఎగిరిన దగ్గర్నుంచి కాదు, ఇంట్లో పని మొదలైన దగ్గర్నుంచి కొలవాలి. "గంటే కదా" అన్నప్పుడు రాలేనివాళ్ళకి ప్రేమ లేదన్నట్టు వినిపిస్తుంది. "ఒక రోజు పడుతుంది" అని ముందే ఒప్పుకుంటే నిష్ఠూరాలుండవు, ఏర్పాట్లుంటాయి.

ఈ లెక్కంతా అక్కకి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేనూ అందుకేనే రాలేకపోయింది" అంది. రెండేళ్ళుగా ఇద్దరం ఒకరి మీద ఒకరం అలిగి కూర్చున్నామన్నమాట!

వచ్చే నెల మలక్కాలో కలుస్తున్నాం. దానికి రెండు గంటలు, నాకు నాలుగు. వంట పని లేదు, అతిథి మర్యాదలు లేవు. అత్తయ్యగారికి వంట ఈసారి మా వారి వంతు.

మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి "గంటే కదా"లు ఉన్నాయా?