"నా" నుంచి "మా" వరకు

ఉప్పాడ తీరాన్ని సముద్రం ఏళ్ల తరబడి కోసేస్తూనే ఉంది. ఆ ఒడ్డున నిలిచినవాడు "ప్రభువా, నా ఇల్లు కాపాడు" అని వేడుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ప్రార్థన అక్కడే ఆగితే దేవుడు మన ఇంటి కాపలాదారుగా మిగిలిపోతాడు. మత్తయి సువార్త 6వ అధ్యాయంలో యేసు నేర్పిన ప్రార్థనను గమనించండి. తండ్రి నామం, రాజ్యం, చిత్తం ముందు. ఆహారం ఆ తర్వాత. అడిగేదైనా "నాకు" అని కాదు, "మాకు" అనే. ఒకచోట రాతికట్ట వేస్తే కోత పక్క ఊరి ఒడ్డుకు జరగవచ్చు. నా ఇంటిముందు ఆగిన కెరటం ఎవరి గుమ్మం తాకుతుందో తలచని ప్రార్థన అసంపూర్ణమనే నాకు తోస్తుంది. గెత్సేమనేలో యేసు కూడా ముందు ఆ గిన్నె తొలగించమనే అడిగాడు; పిదప తండ్రి చిత్తానికి తలవంచాడు. కోరికను దాచనక్కరలేదు. దాన్ని ఆయన చేతిలో పెట్టి లేవగలిగితే చాలు.