టన్నుల లెక్క ఆఖర్న

టెక్సాస్‌లో మాన్యుఫాక్చర్డ్ హోమ్, అంటే ఫ్యాక్టరీలో కట్టి తెచ్చే ఇల్లు, కొనబోయేవాళ్లకు తరచూ వినబడే సలహా ఒకటుంది: “ఎండలు మండిపోయే చోటు కదా, నాలుగు టన్నుల ఏసీ పెట్టించుకోండి, నిశ్చింతగా ఉంటుంది.” హైదరాబాద్‌లో గదికి ఒకటిన్నర టన్ను లెక్కకు అలవాటుపడ్డ మనవాళ్లకు, మూడు పడగ్గదుల ఇంటికి ఆ నాలుగూ తక్కువే అనిపించవచ్చు. దయచేసి ఆ మాట మీద సంతకం పెట్టకండి.

టన్ను అంటే గంటకు 12,000 బీటీయూల వేడిని బయటికి పంపే సామర్థ్యం. అవసరాన్ని మించిన ఏసీ కాసేపట్లోనే గాలిని చల్లబరిచి ఆగిపోతుంది. కానీ చల్లబరచడం దాని పనిలో ఒక భాగమే. గాలిలోని తేమ కాయిల్ మీద నీరుగా మారి కారిపోవాలంటే అది ఆగకుండా ఎక్కువసేపు నడవాలి. అలా నడవకపోతే హ్యూస్టన్ లాంటి ఊళ్లో ఇల్లు చల్లగా ఉన్నా జిగటగానే ఉంటుంది. తడి మిగిలితే బూజు వస్తుంది. ఫ్లోరిడా సోలార్ ఎనర్జీ సెంటర్ పరిశోధకులు ఇలాంటి ఇళ్లలో చెమ్మకు కారణాలు వెతికినప్పుడు దొరికిన వాటిలో అవసరానికి మించిన ఏసీ ఒకటి, చల్లగాలిని మోసే డక్టులు కారడం మరొకటి. ఈ ఇళ్లలో డక్టు చాలావరకు ఇంటి ఫ్లోరు కిందే ఉంటుంది. చల్లగాలి అక్కడే కారిపోతే, ఆ లోటు పూడ్చడానికి ఇల్లు బయటి తేమగాలిని సందుల్లోంచి పీల్చుకుంటుంది. అది చల్లటి గోడ వెనక, వినైల్ పొర చాటున నీరుగా చేరుతుంది. గోడ మెత్తబడేదాకా ఇంట్లోవాళ్లకు తెలియదు.

నిజానికి ఎన్ని టన్నులన్న ప్రశ్నకు దారి ఇంట్లోనే అంటించి ఉంటుంది. 1976 జూన్ 15 నుంచి ఈ ఇళ్లన్నీ హడ్ అనే సమాఖ్య గృహనిర్మాణ శాఖ నియమావళి ప్రకారమే కడుతున్నారు. వంటింటి అల్మరాలోనో, కరెంటు ప్యానెల్ దగ్గరో అంటించే కాగితాల్లో కూలింగ్ సర్టిఫికెట్ ఒకటి ఉంటుంది. సెంట్రల్ ఏసీకి అనువుగా కట్టిన ఇల్లయితే, దాని డక్టులు ఎన్ని బీటీయూల యంత్రం దాకా సరిపోతాయో అందులో రాసి ఉంటుంది. ఇంటి దిక్కు, ప్రాంతం, కట్టడాన్ని బట్టి వేడి లెక్క కట్టాలనీ, ఆ లెక్కకు దగ్గరగా ఉన్న ఏసీయే బాగా పనిచేస్తుందనీ కూడా ఆ కాగితమే చెబుతుంది. ఆ లెక్కకు మాన్యువల్ జె అనే పద్ధతి ఉంది. అమ్మేవాళ్లే ఆ లెక్క చేసి కాగితం చేతికివ్వాలన్నది నా పట్టుదల. చదరపు అడుగులు చూసి టన్నులు చెప్పేవాళ్లను మార్చేయడమే మంచిది.

అంతకంటే ముందు చూడాల్సింది ఇన్సులేషన్. హడ్ దేశాన్ని మూడు జోన్లుగా విభజించింది. టెక్సాస్ పడింది మొదటి జోన్‌లో, అంటే అతి తక్కువ ఇన్సులేషన్ చాలనే జోన్‌లో. ఇంత ఎండ కాసే రాష్ట్రానికి ఇది న్యాయంగా తోచదు నాకు. కొత్త ఇల్లు కాబట్టి, రెండో మూడో జోన్ స్థాయిలో కట్టమని ఫ్యాక్టరీకి ముందే చెప్పి చూడండి. గోడల్లో పెట్టిన డబ్బు ఇల్లు ఉన్నంతకాలం పనిచేస్తుంది. ఏసీ కూడా చిన్నది సరిపోతుంది.

ఇక స్ప్లిటా, ప్యాకేజా? ఫర్నేస్ అల్మరా ఇరుకైతే, యంత్రం మొత్తం బయటే ఉండే ప్యాకేజ్ యూనిట్ మేలు. స్ప్లిట్ అయితే, అంటే కాయిల్ లోపల ఫర్నేస్ దగ్గర, మిగతా యంత్రం బయట ఉండేదైతే, ఆ ఫర్నేస్‌కు ఆమోదం ఉన్న కాయిలేనా అని అడగండి. టన్నుకు నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి కావాలి, అంత తోసే సత్తా ఫర్నేస్ ఫ్యాన్‌కు ఉండాలి. 2023 నుంచి అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో 45,000 బీటీయూల లోపు స్ప్లిట్ ఏసీలకు కనీస సీర్2 (కరెంటు పొదుపును చెప్పే అంకె) 14.3. అంతకు మించిన అంకెల కోసం అప్పు చేయకండి, ఆ డబ్బు డక్టుల అతుకులు బిగించడానికి పెట్టండి.

రెండు ముక్కలుగా తెచ్చి కలిపే ఇంట్లో, ఆ రెండింటినీ కలిపే డక్టు ఇంటి కింద వేలాడుతూ ఉంటుంది. అది నేలకు తగలకూడదు, నలగకూడదు, కొసలు ఊడకూడదు. బిగింపు అయ్యాక ఎవరైనా టార్చి పట్టుకుని కిందికి దూరి చూడాలి, డక్టు లీకేజీ పరీక్ష చేయించాలి. ఆ ఫలితం కాగితం మీద అందేదాకా ఆఖరి చెక్కు ఇవ్వకండి.